ఇతరములు

ఒక్క వెంట్రుక చాలంటాడు ఖాసిం సాబు.
కర్నూలు బురుజు సందులో గడియారాల అంగడి.
కంటికి భూతద్దం బిగించి
నల్ల రబ్బరు ఉంగరానికి వేలికొసతో గ్రీజు పూస్తా,
"వంద మీటర్లకు గ్యారంటీ అని రాసింటారు బేటా.
నడమ ఒక్క వెంట్రుక ఇరుక్కుందా,
పదడుగులకే నీళ్లు లోపలికొస్తాయి."
వానలో తడిసిన చేతిగడియారాలకు
నలభై ఏండ్లు వైద్యం చేసినోడు.
ఇప్పుడు నా పలకకు కూడా ఆయనే డాక్టరు.

పలక అనే అంటాను.
కంపెనీ పెట్టిన పేరుకు నా నోరు తిరగదు.
మూడు కేజీలు, ఇత్తడి మరలు, అరచేయంత తెర,
తొడుగులేసుకున్నా తడిమితే తగిలే లావు బటన్లు.
ఒడ్డున ఇటుక.
నీళ్లలోకి దిగితే సద్దిమూటంత తేలిక.

మా నాయన ఉరుకుందప్పకు ఇట్లాంటివి లేవు.
కేసీ కాలవలో ఎవరన్నా మునిగితే
నడిజామునైనా పోలీసులు మా తలుపే కొట్టేది.
నడుముకు తాడు, గుక్కెడు ఊపిరి.
కింద చేతుల్తో వెతుకుతా
ఒకటి నుంచి నూరు దాకా లెక్కపెట్టేవాడు.
నూరు దాటితే లెక్క రాదు ఆయనకు.
అందుకే బతికినానని నవ్వేవాడు.

నా లెక్క ఈ పలక పెడతాది.
లోతెంత, సిలిండర్లో గాలెంత,
పైకొచ్చేటప్పుడు యాడ ఆగాల, ఎన్ని నిమిషాలు.
తప్పితే అరుస్తాది.

ఎర్రకోన రిజర్వాయరు. పదకొండో గేటు.
ముప్పైరెండు మీటర్లు.

మా సీమలో లోతంటే బోరు.
ఆరునూర్లడుగులు దించితే పైకి దుమ్ము లేచి,
తలగుడ్డ విదిలించుకొని ఇంటికొచ్చే లోతు.
లోతున నీళ్లుంటాయంటే
మొదటిసారి దిగినప్పుడు
నా ఒంటికే నమ్మకం కుదరలే.

టార్చి వేస్తే వెలుగు రాగిజావలో పడ్డట్టుంది.
పలకను కండ్లద్దానికి ఆనించుకుంటే తప్ప కనపడదు.
సోనారు గీసిన గేటు బొమ్మ శుభ్రంగా ఉంది.
పగులు? లేదు. తుప్పు? కొంచెం.
పూడిక? మూరెడు.
పచ్చ టిక్కు పడింది. పో, అంటాది పలక.

అప్పుడు చూసినా.
ఎడమచేతి తొడుగు చిట్లి
ఒక నూలుపోగు బయటికొచ్చింది.
కదలని నీళ్లలో అది ఊరికే తేలాల.
తేలలేదు.
సూదిలెక్క నిలబడి
గేటు అడుగు దిక్కు చూపిస్తా ఉంది.

ఒళ్లు జలదరించింది.
ఆ సందు నా చేతిని పట్టిందంటే
పైనుండే నీళ్లన్నీ కలిసి దాన్ని విడవవు.
ఇద్దరు ముగ్గురు అట్లనే పోయినారని
ట్రైనింగులో చెప్పినారు, పేర్లు చెప్పలే.

వెనక్కి జరిగి, జరిగి, జరిగి
జాబితా చివరికి పోయినా.
ఇతరములు.
దాంట్లో తెలుగు లేదు.
ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కొని
గుంజుతాంది అని కొట్టినా.

తీగ పట్టుకొని ఆ మాట పైకి పోయింది.
విజయవాడలో కూచోని తెర చూసేటాయన
స్పెల్లింగు తప్పన్నాడంట.
పడవలో ఉన్న ఏఈ నస్రీన్ మేడం ఆదోని మనిషి.
చదివిన చదువు పక్కనబెట్టి
"ఎవురూ దిగొద్దు, ఆ గేటు ముట్టుకోవద్దు" అని
ఫోన్లో కేకేసిందంట.

నాకవేమీ తెలీదు.
అయిదు మీటర్ల కాడ తాడు పట్టుకొని వేలాడతాండాను.
పలక తొమ్మిది నిమిషాలు ఆగమంది, ఆగినా.
ఎందుకో ఒకటి నుంచి మొదలుపెట్టి
నూరు కాడ ఆపి
మళ్లా ఒకటికి వచ్చినా.
నాయన ఇట్ల ఎన్నిసార్లు
ఎవరి జుట్టో చేతికి తగలక
ఒట్టి చేతుల్తో పైకొచ్చినాడో.

ఇంటికొచ్చినాక
పలకను అరగంట మంచినీళ్లలో నానబెట్టాల.
బుధవారపేటలో కొళాయి మూడు దినాలకొకసారి.
"రిజర్వాయరు నీళ్లు చాల్లేదా దానికి?"
అంటానే బకెట్టు తెచ్చిపెట్టింది మద్దిలేటమ్మ.
సగం బకెట్టే.
తెర మీదికి నీళ్లు రాలేదు,
ఒకపక్కకు వాల్చి మునిగిందాకా పట్టుకున్నా.

అరగంటకు లేసి చూస్తే
ఆ నీళ్లు కరేపాకు చెట్టుకు పోస్తాంది,
అడుక్కు దిగిన బురదతో సహా.
తొడుగు ఇంకా కుట్టుకోలేదు.
పోగు తెంపబుద్ధి కాలేదు.