పద్నాలుగో పోర్టు: రెండు

క్లాక్స్‌విక్ రేవులో జనవరి నెల పగలంటే అయిదారు గంటలే.
మిగతాదంతా మూడో నంబరు కోల్డ్ స్టోరేజీ.
నాలుగు వందల టన్నుల చేప, మైనస్ ఇరవై నాలుగు డిగ్రీలు,
కాపలాకి నేనూ, ఒక ఫ్లాస్కూ,
గోడలకి వేలాడే ఇరవై ఏడు పెట్టెలూ.

ఇరవై ఆరింటిని అయిదు కంపెనీలు చేశాయి.
ఒకటి బూడిద రంగు, ఒకటి నలుపు,
ఒకదాని ఫ్యాను తెల్లవారుజామున దగ్గుతుంది.
అన్నింటికీ నా ప్రశ్న ఒకటే.
ఒకటి చుక్క మూడు చుక్క ఆరు చుక్క ఒకటి...
కొమ్మ మీంచి కొమ్మకి దిగుతూ పోయే చిరునామా,
చివరి రెమ్మ దగ్గర
"ఎప్పట్నుంచి మెలకువగా ఉన్నావు?"
అడగందే అమ్మైనా పెట్టదు.
నిమిషానికోసారి అడుగుతాను. పెడతాయి,
సెకనులో నూరోవంతు కూడా దాచుకోకుండా.

అందులో కవిత్వమేమీ లేదు.
ఎవరో, ఎప్పుడో, ఒక గదిలో కూర్చుని
పోట్లాడి పోట్లాడి ఒప్పుకున్న అంకెలు.
ఒకటంటే లేచి ఉంది. రెండంటే పడిపోయింది.

ఇరవై ఏడోది నీలం పెట్టె.
ఊరందరిదీ ఒక దారి, దానిదొక దారి.
దానికి వేరే ప్రోగ్రాము,
ఆ ప్రోగ్రాముకి వేరే లాప్‌టాపు,
ఆ లాప్‌టాపు తెరుచుకోడానికి
మేకుకి తగిలించిన బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క.
చేసిన కంపెనీని ఇంకొకరు కొన్నారు, మూశారు,
పేరు కూడా పారేశారు.
ఆ భాష వచ్చిన మనిషి ఒక్కడే మిగిలాడు. త్రోండుర్.
రిటైరయ్యాడు. ఫోను ఇంట్లో వదిలి వేటకి పోతాడు.

ఆ రాత్రి గాలి రేకుల్ని పీకుతోంది.
ఒంటిగంటా పదికి
చలిగది లెక్కలు రావడం మానేశాయి.
నీలం పెట్టె దగ్గరికి పరిగెత్తాను.
పచ్చదీపం. నిక్షేపంగా వెలుగుతోంది.
ఇంత నమ్మకంగా అబద్ధమాడే దీపాన్ని నేనెప్పుడూ చూడలేదు.
లాప్‌టాపు నన్ను పాస్‌వర్డు అడిగింది.
త్రోండుర్ ఇంట్లో ఫోను మోగింది, మోగింది,
వాళ్ళావిడ ఎత్తి, "పడవలో ఉన్నాడమ్మా" అంది.

అప్పుడు ఇరుగుపొరుగుని అడిగాను.
మూగవాడి సంగతి పక్కింటివాళ్ళు చెప్పినట్టు
దగ్గే ఫ్యాను పెట్టె చెప్పింది:
పద్నాలుగో పోర్టు: రెండు.
అవతలి వైపు నల్లపెట్టె, వేరే కంపెనీది,
ఆరో పోర్టు: రెండు.
రెండు సాక్ష్యాలు, ఒకే మాట, మధ్యలో నీలం.
అడగకుండానే అరవాల్సిన వేళ
అది పళ్ళు బిగించుకుని కూర్చుంది.

స్టోర్ రూములో ఒక పాత పెట్టె దొరికింది.
దాని పేరు పలకడం నాకిప్పటికీ రాదు.
నీలాన్ని విప్పి దీన్ని బిగించాను, చేతులు కొంకర్లు పోతుండగా.
ఎప్పట్నుంచి మెలకువగా ఉన్నావు?
నలభై సెకన్లు, అంది.
కొత్త కోడలికి ఇంటి మాట ముందే వచ్చినట్టు.
చలిగది మైనస్ పంతొమ్మిది దగ్గర ఆగి
మెల్లగా వెనక్కి దిగింది.

పొద్దున బైనిర్ వచ్చాడు, లెక్కలు చూసే మనిషి.
"కొనుగోలు కాగితంలో ఆ ఒక్క షరతుకి
ఎందుకంత మంకుపట్టు?" అని పోయినేడు నన్నడిగినవాడు.
ఏమీ అనలేదు. ఫ్లాస్కులో మిగిలింది పోసిచ్చాను.

మూడు రోజులకి త్రోండుర్ వచ్చాడు, సముద్రం వాసనతో.
బల్ల మీద నీలం పెట్టెని అరచేత్తో తుడిచాడు.
"నాతో ఎంత బాగా మాట్లాడేదో" అన్నాడు.
"అవును. నీతోనే" అన్నాను.
ఆ మాట గుచ్చుకుంది కాబోలు,
కోటులోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాడు.
నూట పన్నెండు పేజీలు, ముత్యాల్లాంటి రాత,
ఇక ఏ యంత్రానికీ అక్కర్లేని ఆజ్ఞలు.
సొరుగులో దాచాను. పారేయడానికి మనసొప్పలేదు.

అతను వెళ్ళాక తెర వైపు తిరిగి
పేరు పలకలేని దాన్ని మళ్ళీ అడిగాను.
రెండు కోట్ల అరవై లక్షల చిల్లర, అంది.
నూరోవంతుల్లో.
మూడు రోజులు దాటి ఓ పావుగంట.