శిస్తు

నిరుడు రేవులో ఆగిన పంటు
ఈ ఏడు నూకరత్నం చేలో ఆగింది.

సర్వేయరు లంక పటం పరిచి
గాలికి ఎగరకుండా
నాలుగు కొబ్బరి డొక్కలు బరువెట్టాడు.
"నీ నంబరెక్కడమ్మా?"
వేలు చూపించింది:
గోదాట్లో, ఎవరో వల విసురుతున్న చోట.

అరటి గెలలు, పీచు తాళ్లు, పురిటి నొప్పులు
అన్నీ ఆ పంటు మీదే ఒడ్డుకెళ్లాలి.
మామగారి నాగలికి తగిలిన
డచ్చివాళ్ల రాగికాసొకటే కదల్లేదు.
చెల్లదు. పారేయబుద్ధీ కాదు.

తూర్పున కొత్త మేట వేసిందట.
పేరు లేదు, నంబరు లేదు,
రెల్లు మాత్రం మొలిచింది.

సర్వేయరు గొలుసు చుట్టేసరికి
ఆవిడ అక్కడ దోసగింజలు పెట్టి వస్తోంది,
మడాలకు తడి ఇసుక,
కొంగు ముడిలో
నీళ్ల కింది భూమికి కట్టిన
శిస్తు రసీదు.