తొడుగు వేళ్ళలో ఇసుక

సముద్రానికి అర కిలోమీటరు దూరంలో గడ్డి పొట్టిగా పెరుగుతుంది.
కొరికితే వేరుతో సహా వస్తుంది,
వేరుతో పాటు ఇసుక.
జట్లాండ్ పడమటి అంచున గుర్రాలు
మేతతో పాటు తీరాన్ని కూడా
కొంచెం కొంచెంగా మింగుతాయి.

ఐదున్నరకి సిడ్సెల్ కొట్టంలో దీపం వేస్తుంది.
రాత్రి నానబెట్టిన బీట్ పిప్పి
బకెట్ అంచుదాకా ఉబ్బి ఉంటుంది.
దాని మీద ఒక చెంచా ఈస్టు,
పాత ఉన్నికోటు వాసన వేసే పొడి.
కొలిచి చూసుకోదు.
చేపల వేలంలో ముప్పై ఏళ్ళు గుమాస్తా,
ఆ చెయ్యి తూకం తప్పదు.
నెలలో మొదటి వారం మాత్రం
ఇంకో డబ్బా మూత తెరుచుకుంటుంది:
ఇసబ్‌గోల్ పొట్టు.
ఎక్కడో ఎండ మండే మెట్టనేలలో పండి
ఓడెక్కి ఈ చలిగాలి ఊరికి చేరిన తెల్లటి పొట్టు.
తడి తగిలితే జిగురవుతుంది.
జిగురై, పేగుల మడతల్లోని ఇసుకను
బుజ్జగించి బయటికి తోడ్కొని వస్తుందని
డబ్బా మీద రాసుంది.
డబ్బా మీది రాతల్ని సిడ్సెల్ నమ్మదు.

హవ్రేకి ఇరవై మూడేళ్ళు.
ఆ పేరుకి అర్థం ఓట్స్ గింజ.
ఇప్పుడు దానికి ఓట్స్ పడవు, నవ్వుకోవాల్సిన సంగతే.
ఇటుక రంగు ఒళ్ళు, ఎండుగడ్డి రంగు జూలు,
పై పెదవి మాత్రం కంసాలి చెయ్యి:
పిప్పినీ క్యారెట్ తురుమునీ ఏరుకుని
పొడిని అడుగున
కుంపటి బూడిదలా వదిలేస్తుంది.
ఆపిల్ రసం పోసి చూసింది. పుదీనా నలిపి చూసింది.
చివరికి పనికొచ్చింది
పొరుగింటి ప్రేబెన్ సీసాలోని
బీట్‌రూట్ ఊరగాయ నీళ్ళు, రెండు చుక్కలు.
"ఈ ముసలిదాని పొట్టలో నువ్వు పోసే డబ్బుతో
కుర్ర గుర్రమే వచ్చేది," అంటాడు ప్రేబెన్.
సిడ్సెల్ బకెట్ కడుగుతూ ఉంటుంది.

ఫిబ్రవరిలో ఆ రాత్రి అతను ఇక్కడ లేడు.
హవ్రే గిట్టతో నేల గీరింది.
అక్కడెవరో పిలిచినట్టు
తన డొక్కని తానే తిరిగి తిరిగి చూసుకుంది.
సిడ్సెల్ చెవి ఆనించింది.
ఎప్పుడూ దూరాన బండి దొర్లినట్టు వినిపించే చోట
ఏమీ లేదు.
మంచు కప్పిన పొలమంత ఏమీ లేదు.
మనుషులు కడుపులో చల్ల కదలకుండా బతకాలనుకుంటారు.
గుర్రానికి ఆ మాట శాపం.

డాక్టర్ ఎస్కిల్ వచ్చేసరికి మూడయింది.
ముక్కులోకి గొట్టం, గొట్టంలోకి నూనె,
తర్వాత నడక.
కొట్టం చుట్టూ, తెల్లారేదాకా,
ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో ఒక తాడు.
ఆరింటికి హవ్రే తోక ఎత్తింది.
లద్దె చూసి ఏడ్చానని
సిడ్సెల్ ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పట్నుంచి ఆదివారం ఆదివారం పరీక్ష.
వేలం నాటి రబ్బరు తొడుగులో
లద్దె వేసి, నీళ్ళు నింపి, మూతి కట్టి
కిటికీ కొక్కేనికి వేలాడదీస్తుంది.
కాఫీ తాగి వచ్చేసరికి
ఇసుక వేళ్ళలోకి దిగి ఉంటుంది.
మార్చిలో నాలుగు వేళ్ళూ నిండాయి,
బయటి నుంచి ఎవరో లోపలికి చెయ్యి చాపినట్టు.
మేలో రెండు.
ఆగస్టులో మేత పలచబడి మళ్ళీ మూడు,
ఆ వారం సిడ్సెల్ ఎవరితోనూ మాట్లాడలేదు.
ఇవాళ చిటికెన వేలి కొసన, గోరంత.

ఆ గోరంత ఎప్పటికీ పోదు.
తన బూట్లలో, రొట్టెలో, దుప్పట్లో ఉన్న ఇసుకే
దాని కడుపులోనూ.
ఇద్దరిదీ ఒకటే గాలి.

తొడుగు విప్పి, నీళ్ళు పారబోసి
కొట్టంలోకి వెళ్తుంది.
వెచ్చటి డొక్కకి చెవి ఆనిస్తుంది.
లోపల బండి దొర్లుతోంది.
ఎవరో బిందెలు సర్దుతున్నారు.
బకెట్ అడుగున ఇవాళ కూడా కాస్త పొడి మిగిలింది.
వేలితో తీసి హవ్రే నాలుక మీద రాస్తుంది.
ఎవరూ చూడటం లేదు కదా అని
ఆ వేలిని తనూ నాకి చూస్తుంది.
ఉప్పు కాదు, తీపి కాదు.
పాత కోటు.