ఎడమ సీటు

డిప్‌స్టిక్కు బయటికి లాగి చూపించాడు ఉర్త్‌నాసన్.
నూనె రంగు కాదది,
పాలు పోసి కాచిన మా ఉప్పు టీ రంగు.
"నీళ్లు లోపలికి దిగాయక్కా" అన్నాడు
పక్కగదిలో ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి.

పదిహేనేళ్ల హైబ్రిడ్ ఇది.
జపాన్లో ఎవరి ముద్దుబిడ్డో,
ఓడెక్కి, రైలెక్కి
ఉలాన్‌బాతర్ మంచులో నా చేతికి చిక్కింది.
ఇప్పటికీ పొద్దున్నే మీట నొక్కగానే
లోపలున్న ఆడగొంతు జపనీసులో ఏదో అంటుంది.
చాలా ఏళ్లు ఆశీర్వాదమనుకున్నాను.
టోల్ కార్డు పెట్టలేదని గుర్తుచేయడమట.
తెలిశాక కూడా
తల వంచే బయల్దేరతాను.

హెడ్డు వంగింది, గాస్కెట్ కాలింది.
విప్పి, సానబట్టి, బిగిస్తే పద్దెనిమిది లక్షల తుగ్రిక్,
ఎన్నాళ్లు నడుస్తుందో పూచీ లేదు.
పాత ఇంజిను తెచ్చి మొత్తం మారిస్తే ముప్పై ఆరు,
అది ఎవరి పాపాలు మోసిందో తెలీదు.
ఉన్నదున్నట్టు దా ఖూరే కార్ల సంతలో నిలబెడితే
నలభై వస్తే గొప్ప.
గుర్రం కంటే జీను బరువు.
"బ్యాటరీ కూడా, రేపో మాపో..."
మిగతా మాట గాల్లో వేలితో రాశాడు.

నేను కట్టుడుపళ్లు చేసేదాన్ని.
రోజూ నా బల్ల మీదికి ఇదే ప్రశ్న
అచ్చులో ఒదిగి వస్తుంది:
పీకడమా, నిలపడమా?
ఇంకొకరి పన్నయితే నాకు నిమిషం పట్టదు.

స్టీరింగు కుడివైపు. మా రోడ్డు నడకా కుడివైపే.
ముందు లారీ ఉంటే దాని వీపు తప్ప
నాకు లోకం కనపడదు.
ఎడమ సీట్లో ఉన్న మనిషి మెడ సాచి చూసి
"ఇప్పుడు" అనాలి.
తుమెన్‌బయర్ భలే అనేవాడు.
ఆరేళ్లలో అతను అబద్ధమాడకుండా చెప్పిన మాట
అదొక్కటే.
విడాకుల కాగితంలో గుడారమూ పొయ్యీ అతనికి,
కారు నాకు.
అప్పట్నుంచి మూడేళ్లు
నలైఖ్ దారిలో బొగ్గు లారీల వెనకే నేను,
దాటలేక, ఆగలేక,
అద్దం మీద నల్లపొడి తుడుచుకుంటూ.

"నీదైతే ఏం చేస్తావురా?"
"నాదైతే అమ్మేస్తా. నీదైతే బాగుచేస్తా.
నాకూ ఇద్దరు పిల్లలక్కా."

షెడ్డు మూసే వేళయింది.
కారు వాకిట్లోకి జరపాలి.
మీట నొక్కాను. ఇంజిను ఉలకలేదు.
ఉన్న కాస్త బ్యాటరీతోనే
చప్పుడు లేకుండా కదిలింది బండి,
చచ్చినదాన్ని ఒళ్లో పెట్టుకుని,
మైనస్ ముప్పైలో,
పది గజాలు.
ఆ జపాన్ ఆవిడ మళ్లీ కార్డు అడిగింది.

కాగితం వెనక మూడుసార్లు కూడాను.
మూడుసార్లూ అమ్మేయమనే వచ్చింది.
"పాత ఇంజిను తెప్పించు" అన్నాను.
ఎందుకని అతనడగలేదు.
అడిగితే ఏం చెప్పేదాన్నో
ఇప్పటికీ తెలీదు.

పన్నెండో రోజు.
చూపించడానికి తనే నడుపుతానన్నాడు.
ఇన్నేళ్లలో మొదటిసారి
నేను ఎడమ సీట్లో.
అక్కడ బెల్టు ఇంకా పొడుగ్గానే ఉంది,
అతని పొట్ట కొలతకి.

నలైఖ్ మలుపు దాటాక బొగ్గు లారీ.
ఉర్త్‌నాసన్ వేగం తగ్గించాడు.
ఏమీ అడగలేదు, నావైపు ఒకసారి చూశాడంతే.
మెడ సాచాను.
ఇంత రోడ్డా!
లారీ ముందు ఇంత తెల్లటి ఖాళీ
రోజూ ఉండేదా?

"ఆగు" అన్నాను.
ఒక బస్సు హోరుమంటూ పోయింది.
"ఇప్పుడు."

ఎవరి పాపాలు మోసిందో ఆ కొత్త పాత ఇంజిను,
ఒక్క దగ్గు దగ్గి
అందుకుంది.