ఆరున్నొకటి

మండపేట ఆసుపత్రి వెనక గదిలో
చేతుల్లేని కుర్చీ ఒకటి గోడకి ఆనించి
"చేతులు గుండెల మీద కట్టుకోండి తాతగారూ,
ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూద్దాం"
అంది కెజియా.

నవ్వొచ్చింది నాకు.
నలభై మూడేళ్లు మిల్లులో మోసినవాణ్ణి.
డెబ్బై అయిదు కిలోల బస్తా మెడ మీద,
కాలవ గట్టుకీ పడవకీ మధ్య ఒంటి చెక్క,
చెక్క ఊగితే దానితో పాటే పిక్క ఊగేది.
ఆ ఊపు తెలీని కుర్రాళ్లని నీళ్లలోంచి తీసేవాళ్లం.
"నూకరాజు పేరుకే నూక,
మనిషి ముక్క విరగని గింజ" అనేవాడు మేస్త్రి.

ఇప్పుడు నా ఒళ్లు యాభై ఎనిమిది.
బస్తా కన్నా పదిహేడు కిలోలు తక్కువ.
అదే లేవట్లేదు.

లేచాను.
"ఒకటి" అంది.
"లాభం" అన్నాను.
కాటా దగ్గర లెక్క ఒకటితో మొదలవదు మరి.
రెండు. మూడు.
నాలుగుకి తొడలో చీమలు,
అయిదుకి ఎవరో లోపల దీపం తగ్గించినట్టు,
ఆరు.
ఆరు తర్వాతది పైకి అనకూడదు,
అంటే ధాన్యం ఏడుస్తుంది.
ఆరున్నొకటి అనాలి.
ఆ మాట నోట్లోనే ఉండిపోయింది,
కుర్చీ నన్ను వెనక్కి లాక్కుంది.

"అంత మోసిన కాళ్లమ్మా ఇవి" అన్నాను,
ఎవరి మీదో ఫిర్యాదులా.

"మోత వేరు, కసరత్తు వేరు తాతగారూ.
కండ గట్టిపడేది ఎత్తినప్పుడు కాదు,
ఎత్తి దించి, తిని, పడుకున్నాక."
అది మాకెవరూ చెప్పలేదు.
చెప్పి ఉంటే మిల్లు ఆగేది.

వాళ్ల తాత ఏసుపాదం లాకుల దగ్గర లస్కరు.
అందుకేనేమో ఆ పిల్ల నరాల సంగతి
నీళ్ల సంగతిలా చెప్పింది:
తూము దగ్గర నిండుగానే ఉంటుంది,
శివారు చేనికి చేరేసరికి చారెడు.
వయసొచ్చేకొద్దీ కొన్ని బోదెలు పూడిపోతాయి.
ఆ మడి ఎండిపోకుండా
పక్క బోదె గట్టు తెంపుకుని వచ్చి తడుపుతుంది.
కాని ఒక్క బోదె మీద అన్ని మళ్లు పడితే
నీరు మెల్లగా వస్తుంది,
వస్తే మొరటుగా వస్తుంది.
చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు
నా వేళ్లు తడబడేది అందుకట.

"పూడినవన్నీ మళ్లీ పారతాయా?"
అబద్ధం ఆడలేదు.
"పూడినవి పూడినవే.
మిగిలినవాటికి పూడిక తీద్దాం."

వారానికి మూడు రోజులు.
చీలమండకి ఇసక సంచి, రెండు కిలోలు.
రెండు కిలోలు!
మా జట్టువాళ్లు చూస్తే బీడీ ఆర్పి మరీ నవ్వేవాళ్లు.
ఎత్తాను. దించాను.
దించడమే కష్టం, నెమ్మదిగా దించమంటుంది.
మా పనిలో దించడమంటే వదిలేయడమే,
ధబ్బున పడ్డ శబ్దానికే కూలి.

నాలుగో వారం టేపు పెట్టి తొడ కొలిచింది.
వెంట్రుకవాసి పెరగలేదు.
నా మొహం చూసి
"కండకన్నా ముందు నరం నేర్చుకుంటుంది,
కొలత తర్వాత మారుతుంది, లెక్క ముందు మారుతుంది" అంది.
సరేనన్నాను,
డాక్టరు మాటలన్నిటికీ అనేట్టే.

ఆ రాత్రి దొడ్లోకి వెళ్లడానికి
మంచం పట్టె పట్టుకోకుండా లేచాను.
లేచాక తెలిసింది పట్టుకోలేదని.
చీకట్లో కాసేపు అలాగే నిలబడ్డాను,
ఎవరైనా చూస్తే బావుండుననిపించి.

ఇవాళ మళ్లీ అదే కుర్చీ.
లాభం. రెండు.
మధ్యలో ఎడమ మోకాలు
ఎండిన వెన్ను నలిగినట్టు చప్పుడు చేసింది.
అయిదు.
ఆరు.
కిటికీ అవతల కాలవలోకి నీరు వదిలినట్టున్నారు,
గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది.
ఊపిరి బిగబట్టకండి అని అరుస్తోంది కెజియా.
చెక్క ఊగుతోంది, పిక్క ఊగుతోంది,
లేచాను.

"ఏ..." అనబోయింది.
రాసుకో తల్లీ,
అంకె వేసుకో.
పైకి మాత్రం అనకు.