జెర జరుగుండ్రి

తార్నాకలో మా ల్యాబు మూడో అంతస్తు.
కిటికీ తీస్తే మౌలాలి గుట్ట.
అగేటు రోట్లో మాంగనీసు ఆక్సైడు,
కాటుక కన్నా కాస్త గోధుమ,
నిన్న రాత్రి ఎనిమిది వందల డిగ్రీల కొలిమిలోంచి వచ్చింది.

పొటాషియం అంటే మా ఎల్లేశానికి
యూరియా పక్కన నిలబెట్టిన ఎర్ర బస్తా.
నాకు మాత్రం పూలగంపతో బస్సెక్కే అంజవ్వ.
లిథియం సన్నటి పిలగాడు,
ఫుట్‌బోర్డు మీంచి ఏ సందులోనో దూరిపోతాడు.
అంజవ్వ ఎక్కితే బస్సే ఒక పక్కకి ఒరుగుతుంది,
దిగితే సీట్లు సొట్ట.

ఎక్కడం, దిగడం. ఎక్కడం, దిగడం.
బ్యాటరీ అంటే ఇంతేనమ్మా అని
ఇంట్లో చాలాసార్లు చెప్పాను.
నూట పన్నెండోసారి దిగేటప్పుడు
నా ఆక్సైడు పొరలు పగిలాయి.

ఎల్లేశం తాత మౌలాలిలో బండలు కొట్టేవాడట.
గాడి తీసి, ఎండు కట్టెమేకు దిగ్గొట్టి,
చెంబెడు నీళ్లు పోసి పడుకుంటే
పొద్దుటికి బండ రెండు చెక్కలు.
"నీళ్లను నమ్మొద్దు మేడం" అంటాడు.
నేనూ నమ్మలేదు.
నమూనాని ఓవెన్లో ఆరబెట్టి,
సీసా మూతకి వాజిలీన్ రాసి,
ఆర్గాన్ పెట్టెలో పసిపిల్లలా దాచి...

జులైలో ఒక రాత్రి
హబ్సిగూడ రోడ్డు మోకాలి లోతు,
కరెంటు లేదు,
ఆఖరి మెట్రో కోసం పరిగెత్తాను.
మూత పెట్టడం మరిచాను.

పొద్దున పొడి ఉండ కట్టింది.
"పడేయమంటరా?"
ఆగు, పడేసే ముందు ఒకసారి ఎక్స్‌రే.

గీత ఎడమకి జరిగింది.
వేలితో తెర తుడిచి మళ్లీ చూశాను.
పొరల మధ్య నీళ్లు కూర్చున్నాయి,
కండక్టరు కేకేసినట్టు
జెర జరుగుండ్రి, అవ్వ ఎక్కుతాంది అని
చోటు చేసి.

నూట పన్నెండు దాటింది.
రెండొందలు.
మూడొందల పద్దెనిమిది దగ్గర మెల్లగా అలిసింది,
పగలకుండా.
ఆ లెక్కన ఫోను ఏడాది కూడా ఆడదు, తెలుసు.
అయినా ఆ రోజు క్యాంటీన్లో అందరి చాయ్ డబ్బులూ నేనే ఇచ్చాను.

వసుంధర మేడం కళ్లజోడు పైకి తోసి
"మళ్లీ చేసి చూపించు" అన్నారు.

అక్టోబరు. ఆకాశం కడిగిన పళ్లెం.
అదే పొడి, అదే వేడి,
నీళ్లు మాత్రం లోపలికి రానంటున్నాయి.
నాలుగుసార్లు చేశాను.
నోటుబుక్కులో ఆ జులై పేజీకి
'వాన' అని తప్ప కారణం రాయలేదు నేను.
ఎంత వాన? ఎన్ని గంటలు?

సాయంత్రం ఎల్లేశం
బకెట్టు నింపుకొచ్చి బల్ల కింద పెట్టాడు.
తడి తువ్వాలు ఫ్యాను ముందు ఆరేశాడు.
ఏదో అనబోయాడు, తాత గురించే అనుకుంటా,
ఊరుకున్నాడు.

మూత తీశాను.
గోడ మీటరు చూసి ఈసారి రాసుకున్నాను:
తేమ, అరవై ఒకటి.