ఉరఫ్

మిర్యాలగూడ, వేములపల్లి రోడ్డు,
మిల్లులో రెండో షిఫ్టు.
బియ్యం ఏరే మిషన్ ముందు నేను.
కెమెరా చూస్తది, నేను రాసిన లూపు తేలుస్తది,
నల్లగింజ అయితే గాలి ఊది పక్కకు తోస్తది.
లూపు అందుకోలేకపోతున్నది.
గింజ ముందే రాలిపోతున్నది,
తీర్పు వెనక వస్తున్నది.

ఈ ప్రాసెసర్‌కు ఎనిమిది చేతులున్నయి.
ఒక్క కేకకు ఎనిమిది లెక్కలు,
ఎనిమిది మంది హమాలీలు ఒక్కసారే వంగి
ఎనిమిది బస్తాలు ఎత్తినట్టు.
కంపైలర్ మాత్రం ఏడుగురిని గోడకు కూర్చోబెట్టి
ఒక్కన్నే పిలుస్తున్నది.
ఎందుకని అడిగితే ఒక్క ముక్క చెప్పింది:
ఈ రెండు పాయింటర్లు
ఒకే చోటును చూపుతున్నయేమో, నాకు తెల్వది.

నాకు తెలుసు గదా!
ఒకటి కెమెరా నింపే వరుస,
ఒకటి నేను నింపే వరుస,
నడుమ సాగర్ కాలువంత ఎడం.
మొండిఘటం, అని తిట్టుకుంట
చాయ్ కోసం మున్షీ గదిలకు పోయిన.

శనివారం. కూలి పంచే దినం.
పురుషోత్తం మున్షీ ఒక పేరు పిలుస్తడు,
పేజీ తిప్పుతడు, పాతది చదువుతడు, కొత్తది కలుపుతడు,
రాస్తడు, సిరా ఆరేదాక ఊదుతడు,
అప్పుడు ఇంకో పేరు.
బయట నలభై మంది.
ఇట్లయితే తెల్లారుతది గదా మున్షీ సాబ్, అంటే
కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

"ఒకపారి తొందరపడ్డ బిడ్డా.
ఎనిమిది మంది పాత లెక్క ఎనిమిది చీటీల మీద ఎక్కించుకున్న.
ఒక్క ఊపుల కలిపిన, ఒక్క ఊపుల బుక్కుల రాసిన.
మూడో చీటీ అలివేలు.
ఏడో చీటీ చిన్నసైదులు ఇంటామె.
పేజీ ఒక్కటే. మనిషి ఒక్కతే."

పేజీల ఉన్నది పన్నెండు వందలు.
మూడో చీటీల ఆమె ఊడ్చిన వారం, ఆరు వందలు.
పద్దెనిమిది వందలని రాసిండు.
ఏడో చీటీల, జ్వరాన పడ్డ మొగని బస్తాల కూలి, తొమ్మిది వందలు.
మూడో చీటీ సంగతి ఏడో చీటీకి తెల్వది,
దాని మీద ఇంకా ఆ పాత పన్నెండు వందలే.
ఇరవై ఒక్క వందలని
పద్దెనిమిది వందల మీదనే దిద్దిండు.

ఎవరూ దొంగిలించలేదు.
కూడిక ఎక్కడా తప్పలేదు.
ఆరు రోజుల చీపురు లేకుండ పోయింది.
"నా ఊడ్పు ఏడవాయె సారూ?" అనుకుంట
పొట్టు దుమ్ము అంటిన చేతులతో
ఈ కిటికీ కాన్నే నిలబడ్డదట.

ఆమె పేజీ తీసి చూపించిండు.
రెండు పేర్ల నడుమ, ఎర్రసిరాతో:
ఉరఫ్.

మిషన్ కాడికి మళ్లొచ్చిన. చాయ్ చల్లారింది.
సి భాషల ఒక మాటున్నది, రెస్ట్రిక్ట్.
అది రాస్తే ఒట్టు పెట్టినట్టే.
ఈ చోటుకు ఇంకో పేరు లేదని నేనంటే
కంపైలర్ సాక్షుల్ని పిలవదు,
హద్దురాళ్లు వెతకదు,
నమ్ముతది.
అబద్ధమైతే అరవదు కూడా.
తప్పు లెక్కనే ఎనిమిది చేతులతో చేసి పెడతది.

వేలు కీబోర్డు మీదనే ఆగింది.
ఆ ఫంక్షన్‌ను పిలిచిన చోట్లన్నీ వెతికిన.
పదకొండు.
పది చోట్ల రెండు వరుసలు నిజంగనే రెండు.
పదకొండో చోట,
పోయిన నెల, మెమరీ చాలక, నిద్ర ఆగక,
ఒకే వరుసను రెండు పేర్లతో పంపిన.
దీంట్ల చదువు, దాంట్ల రాయి.
దీంట్ల అన్నా దాంట్ల అన్నా అదే.
పేరు పెట్టింది నేనే. మరిచిందీ నేనే.

పదింటికి ఒట్టు పెట్టిన.
గోడకున్న ఏడుగురూ లేచిన్రు.
నల్లగింజలు టపటప ఎగిరి పక్క తొట్టిల పడుతుంటే
వానచినుకుల సప్పుడు.
పదకొండోదానికి ఒట్టులేని పాత లూపునే వేరుగ ఉంచిన.
అది నడుస్తనే ఉన్నది, గింజ వెనక గింజ.

కిటికీల నుంచి మున్షీ గొంతు,
"అలివేలు."
పేజీ తిప్పిన సప్పుడు. సిరా మీద ఊదిన సప్పుడు.
వరుసల వెనక నుంచి ఎవరో,
"జర జల్ది గానీ సారూ, ఆటో పోతది."